బొమ్మ ఎక్కడ ఆగింది?



2013 డిసెంబరులో ఆపిల్ కంపెనీ కొత్త మ్యాక్ ప్రో కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. జానెడుకు కాస్త మించిన ఎత్తు, నల్లటి గుండ్రటి స్థూపం. చూడముచ్చటగా ఉందని లోకమంతా మెచ్చుకుంది. అయితే టీవీ స్టూడియోల్లోనూ ఎడిటింగ్ గదుల్లోనూ పనిచేసేవాళ్లు ముందుగా వెతికింది దాని స్లాట్ల కోసం. పాత మ్యాక్ ప్రో పెద్ద లోహపు పెట్టెలా ఉండేది. పక్క తలుపు తీస్తే లోపల కార్డులు గుచ్చుకునే నాలుగు పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు కనిపించేవి. గ్రాఫిక్స్ కార్డుకు ఒకటి పోగా మిగిలినవాటిలో కెమెరా బొమ్మను కంప్యూటరులోకి తెచ్చే వీడియో క్యాప్చర్ కార్డు, డిస్కుల కార్డు, ఆడియో కార్డు పెట్టుకునేవారు. కొత్త స్థూపంలో అలాంటి స్లాటు ఒక్కటీ లేదు. వెనకవైపు ఆరు థండర్‌బోల్ట్ 2 సాకెట్లు మాత్రం ఉన్నాయి.

మరి అంత ఖరీదు పెట్టి కొన్న కార్డుల సంగతేమిటి? ఆ ప్రశ్నకు మార్కెట్లో దొరికిన జవాబు బయటి పెట్టె. వృత్తిలో ఉన్నవాళ్లు దాన్ని ఎక్స్‌పాన్షన్ ఛాసీ అంటారు. అందులో స్లాట్లుంటాయి, సొంత పవర్ సప్లై ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. కంప్యూటరుకూ దానికీ మధ్య ఒక కేబులు. కార్డు కంప్యూటరు బయట కూర్చుని, లోపలే ఉన్నట్టు పనిచేయాలి. సానెట్, మాగ్మా వంటి అమెరికా కంపెనీలు ఇలాంటి పెట్టెలను అంతకుముందు నుంచే తయారుచేస్తున్నాయి. 2013 తర్వాత వాటి అవసరం ఒక్కసారిగా పెరిగింది. 2019లో ఆపిల్ మళ్లీ ఎనిమిది స్లాట్లున్న మ్యాక్ ప్రోను తెచ్చింది కానీ, అప్పటికే ఈ రంగంలో చాలామంది ల్యాప్‌టాపులకు మారిపోయారు. ల్యాప్‌టాపులో స్లాటుకు చోటెక్కడిది? అందుకే బయటి పెట్టె నేటికీ నిలిచి ఉంది.

దానితోపాటే ఒక ఫిర్యాదు కూడా నిలిచి ఉంది. అన్నీ కలిపారు, స్విచ్ వేశారు, లైట్లు వెలిగాయి. తెర మీద మాత్రం బొమ్మ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయడం. రెండోది కేబుళ్లన్నీ పీకి మళ్లీ పెట్టడం. ఒక్కోసారి ఇలా చేస్తే బొమ్మ వస్తుంది కూడా. కానీ ఏం చేస్తే వచ్చిందో తెలియదు కాబట్టి, మళ్లీ పోయినప్పుడు మళ్లీ మొదటికే రావాలి. లోపం ఎక్కడుందో పట్టుకోకుండా చేసే మరమ్మతు మరమ్మతు కాదు. కెమెరా నుంచి వచ్చిన బొమ్మ కేబులు దాటి, కార్డు దాటి, స్లాటు, పెట్టె, థండర్‌బోల్ట్ కేబులు, కంప్యూటరు సాకెట్, డ్రైవరు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ దాటి చివరికి డిస్కు చేరాలి. డెల్టాలో శివారు పొలానికి నీళ్లు అందకపోతే లస్కరు కాలువ వెంట నడిచి, ఏ తూము దాకా నీళ్లున్నాయో ఏ తూము దాటలేదో చూస్తాడు. ఇక్కడా చేయవలసింది ఆ నడకే.

నడక ఎక్కడ మొదలుపెట్టాలంటే, మధ్యలో. కంప్యూటరుకు కార్డు అసలు కనిపిస్తోందా లేదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే వెతకవలసిన దారిలో సగం తగ్గిపోతుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవాలి. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పీసీఐ అనే విభాగం చూడాలి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశం ఇస్తే చాలు, జాబితా వచ్చేస్తుంది. ఆ జాబితాలో కార్డు పేరు లేకపోతే కెమెరానూ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌నూ అనుమానించే పనే లేదు. డ్రైవరును కూడా. డ్రైవరు వేయకపోయినా, పేరు తెలియని పరికరంగానైనా కార్డు అక్కడ కనిపించి తీరాలి.

మొదటి సందర్భం, కనిపించలేదనుకుందాం. అప్పుడు లోపం కార్డు నుంచి కంప్యూటరు దాకా ఉన్న దారిలోనే ఉంది.

అక్కడ ఎక్కువగా మోసం చేసేది కేబులే. థండర్‌బోల్ట్ 3 తరం 2015లో వచ్చినప్పుడు దానికి యూఎస్‌బీ-సీ ఆకారం తీసుకున్నారు. ఫోను ఛార్జింగ్ కేబులూ, పెట్టెకు వాడవలసిన కేబులూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే సాకెట్లో దూరతాయి. మామూలు యూఎస్‌బీ కేబులు పెడితే పెట్టెతో మాటే కలవకపోవచ్చు. అసలైన థండర్‌బోల్ట్ కేబులు కొన మీద మెరుపు గుర్తు ఉంటుంది. పొడవూ ముఖ్యమే. తొలినాళ్ల థండర్‌బోల్ట్ 3 కేబుళ్లలో, లోపల చిప్పులు లేని మామూలు రకం అర మీటరు దాకానే 40 గిగాబిట్ల పూర్తి వేగం ఇచ్చేది. అదే రకం రెండు మీటర్లు తీసుకుంటే వేగం సగానికి పడిపోయేది. గది అటువైపు పెట్టెను దాచుకుందామని పొడవాటి కేబులు కొన్నవాళ్లు ఈ సంగతి పనిలో దిగాక తెలుసుకున్నారు.

కేబులు సరైనదే అయితే తర్వాత చూడవలసింది అనుమతి. థండర్‌బోల్ట్ ద్వారా కలిసిన కార్డు కంప్యూటరు మెమరీలోకి నేరుగా రాయగలదు. క్యాప్చర్ కార్డుకు ఆ హక్కు కావాలి, లేకపోతే అంత వేగంగా ఫ్రేములను అందించలేదు. అదే హక్కుతో దొంగ పరికరం కూడా మెమరీలోకి చొరబడగలదు. 2019లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, రైస్ విశ్వవిద్యాలయం, ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్ పరిశోధకులు థండర్‌క్లాప్ పేరుతో ఈ ప్రమాదాన్ని వివరంగా బయటపెట్టారు. ఈ భయంతోనే చాలా కంప్యూటర్లు కొత్త థండర్‌బోల్ట్ పరికరం కలిపినప్పుడు యజమాని ఒప్పుకునేదాకా దాన్ని బయటే ఉంచుతాయి. తెర మీద వచ్చిన చిన్న ప్రశ్నను చూడకుండా మూసేస్తే, పెట్టె లైటు వెలుగుతూనే ఉంటుంది, కార్డు మాత్రం జాబితాలోకి రాదు. లినక్స్‌లో బోల్ట్‌సీటీఎల్ ఆదేశంతో ఈ అనుమతి ఇవ్వవచ్చు. కొన్ని ల్యాప్‌టాపుల్లో, ఆన్ కాగానే నడిచే బయోస్ సెట్టింగుల్లోనే థండర్‌బోల్ట్ భద్రతా స్థాయి ఉంటుంది.

ఇంకో విషయం స్విచ్ వేసే వరస. కంప్యూటరు ఆన్ అయ్యే తొలి క్షణాల్లో తనకు కలిసి ఉన్న కార్డులన్నిటినీ లెక్కపెట్టుకుని ఒక్కోదానికి మెమరీలో ఒక్కో చిరునామా కేటాయిస్తుంది. ఆ లెక్క జరిగేటప్పటికి పెట్టె ఆఫ్‌లో ఉంటే దానిలోని కార్డుకు చిరునామా ఉండదు. థండర్‌బోల్ట్ మధ్యలో కలిపినా పనిచేసేలా రూపొందించిందే. కానీ కార్డు డ్రైవరు కూడా దానికి సిద్ధంగా ఉండాలి కదా. పాత కార్డులూ, థండర్‌బోల్ట్ కాకుండా నేరుగా పీసీఐ కేబులుతో కలిసే పెట్టెలూ ఈ విషయంలో పట్టుదలగా ఉంటాయి. ముందు పెట్టెకు కరెంటు, తర్వాత కంప్యూటరుకు. ఆపేటప్పుడు ముందు కంప్యూటరు, తర్వాత పెట్టె. దీన్ని అలవాటు చేసుకుంటే ఖర్చేమీ లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కనిపించకపోతే కార్డును బయటికి తీసి, స్లాటులో మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, స్క్రూ బిగించాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వ్యానులో తిరిగే పెట్టెల్లో కార్డు ఒకవైపు వెంట్రుకవాసి పైకి లేచి ఉండటం తరచూ జరిగేదే.

ఇప్పుడు రెండో సందర్భం. కార్డు జాబితాలో కనిపిస్తోంది, కానీ పక్కన పసుపు త్రికోణం. విండోస్ దీనికి ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు చదవకుండా డ్రైవర్ మార్చడం వృథా శ్రమ. కోడ్ 28 అంటే డ్రైవరే లేదు. కోడ్ 52 అంటే డ్రైవరు డిజిటల్ సంతకాన్ని విండోస్ నిర్ధారించుకోలేకపోయింది. కోడ్ 12 మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బయటి పెట్టెలు వాడేవాళ్లను ఎక్కువగా వేధించేది అదే. ఈ పరికరానికి కేటాయించడానికి సరిపడా వనరులు లేవని దాని అర్థం. ఇందాక చెప్పుకున్న మెమరీ చిరునామాలే ఆ వనరులు. పాత పద్ధతిలో కార్డులన్నీ మొదటి 4 గిగాబైట్ల పరిధిలోనే చోటు వెతుక్కోవాలి. గ్రాఫిక్స్ కార్డు అందులో పెద్ద ముక్క తీసుకుంటే బయటి పెట్టెలోని కార్డుకు చోటు మిగలదు. కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లో 'అబవ్ 4జీ డీకోడింగ్' అనే సెట్టింగు ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఆ పరిధి దాటి చోటు దొరుకుతుంది. లేదంటే ఆ పెట్టెలో ఉన్న రెండో కార్డును తీసి చూడాలి. డ్రైవరును పదిసార్లు వేసినా కోడ్ 12 పోదు.

మ్యాక్‌లో ఇలాంటి నంబర్లు కనిపించవు. అక్కడ అడ్డు వేరేలా వస్తుంది. 2017లో వచ్చిన హై సియెర్రా అనే మ్యాక్ వెర్షన్ నుంచి, బయటి కంపెనీల కెర్నెల్ డ్రైవర్లను వినియోగదారుడు సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా అనుమతించాలి. 2020 నుంచి వచ్చిన ఆపిల్ సొంత చిప్పుల మ్యాక్‌లలో పాత తరహా డ్రైవర్లకు ఇంకో మెట్టు ఎక్కాలి, రికవరీలోకి వెళ్లి భద్రతా స్థాయిని తగ్గించాలి. తయారీదారు కొత్త తరహా డ్రైవరు ఇస్తున్నాడేమో ముందు చూసుకోవడం మేలు. భద్రత తగ్గించడం చివరి మార్గంగానే ఉండాలి.

ఇక్కడే చెప్పవలసిన చిన్న సంగతి ఒకటుంది. కార్డులోపల కూడా ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. డ్రైవరు మార్చినప్పుడు దాన్ని కూడా మార్చమని కొన్ని కార్డులు అడుగుతాయి. మార్చాక కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇస్తేగానీ కొన్నింటిలో కొత్తది అమల్లోకి రాదు. కార్డు కంప్యూటరు లోపల ఉంటే కంప్యూటరును ఆపితే సరిపోయేది. బయటి పెట్టెకు వేరే పవర్ సప్లై ఉంది కాబట్టి, దాని స్విచ్ కూడా ఆపాలి.

మూడో సందర్భం. కార్డు కనిపిస్తోంది, ఏ ఫిర్యాదూ లేదు, తెర మాత్రం నల్లగానే ఉంది. ఇప్పుడు పెట్టెను వదిలేయవచ్చు. పాపం, దానిమీద పడే నిందల్లో చాలావరకు నిజానికి సిగ్నల్‌కు చెందినవి.

మన దేశంలో టీవీ సెకనుకు 25 ఫ్రేముల లెక్క మీద నడుస్తుంది. అమెరికాలో అది 29.97. అక్కడ కొన్న కెమెరాను ఇక్కడికి తెచ్చి కలిపి, సాఫ్ట్‌వేర్‌లో 25 ఎంచుకుంటే చాలా కార్డులు సిగ్నల్ లేదనే చెబుతాయి. గీతలను వంతులవారీగా పంపే ఇంటర్‌లేస్డ్ బొమ్మకు, అన్నిటినీ కలిపి పంపే ప్రోగ్రెసివ్ ఎంచుకున్నా అంతే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి పెళ్లిళ్ల వీహెచ్ఎస్ టేపులను అక్కడ డిజిటల్‌గా మార్చబోయినప్పుడు కూడా ఇదే ఎదురవుతుంది. ఆ టేపులు 25 ఫ్రేముల పాల్ పద్ధతివి, అక్కడి వీసీఆర్‌లు 29.97 ఫ్రేముల ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. అదీకాక పాత టేపు నుంచి వచ్చే సిగ్నల్ స్థిరంగా ఉండదు. మనిషి కంటికి కాస్త వణికినట్టు కనిపించే బొమ్మను కార్డు బొమ్మగానే గుర్తించకపోవచ్చు. మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ పెడితే అది నిలకడగా మారుతుంది.

టేపుల గురించి ఇంకొక్క మాట. ప్రపంచంలో వీసీఆర్‌లు తయారుచేస్తూ మిగిలిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. టేపు ఆడించిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. అందుకని కార్డు పనిచేస్తోందా లేదా అని పరీక్షించడానికి అమ్మానాన్నల పెళ్లి టేపును పదేపదే తిప్పకూడదు. పోయినా బాధలేని టేపుతో పరీక్షలన్నీ ముగించి, అంతా కుదిరాకే అసలు టేపు పెట్టాలి.

హెచ్‌డీఎంఐ ద్వారా కలిపినప్పుడు ఇంకో అడ్డు ఉంది, హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ. సెట్‌టాప్ బాక్సు నుంచో గేమ్ మిషన్ నుంచో రక్షణతో వచ్చే బొమ్మను నిబంధనలు పాటించే కార్డు రికార్డు చేయదు. అది చెడిపోవడం కాదు, అలా తయారుచేశారు. ప్లేస్టేషన్ 4లో ఆటలు రికార్డు చేసుకునేందుకు ఆ రక్షణను ఆపే సెట్టింగు ఉంది. ఏదైనా అనుమానం వస్తే రక్షణ ఉండని మామూలు కెమెరాను కలిపి చూస్తే తేలిపోతుంది. స్టూడియో కెమెరాలకు వాడే ఎస్‌డీఐ కేబులైతే దాని నాణ్యత చూడాలి. సెకనుకు 1.485 గిగాబిట్ల హెచ్‌డీ సిగ్నల్‌ను మోసిన పొడవాటి కేబులు, దానికి రెట్టింపు ఉండే 3జీ సిగ్నల్‌ను మోయలేకపోవచ్చు. ఎస్‌డీఐలో బొమ్మ క్రమంగా చెడదు. ఒక హద్దు దాకా శుభ్రంగా ఉంటుంది, దాటితే ఒక్కసారిగా పోతుంది. ఇంకా మర్చిపోకూడనిది, చాలా కార్డుల ఇన్‌పుట్‌ను ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకుని ఉంటే రెండోదానికి అది దొరకదు.

అన్నిటికన్నా ఓపిక పరీక్షించేది నాలుగో సందర్భం. బొమ్మ వస్తుంది, రికార్డు అవుతుంది, అరగంటకో గంటకో ఫ్రేములు ఎగిరిపోవడం మొదలవుతుంది. ఇక్కడ ఊహలు పనికిరావు, లెక్క కావాలి. 1920 బై 1080 సైజు బొమ్మను కుదించకుండా, 10 బిట్ 4:2:2 పద్ధతిలో, సెకనుకు 25 ఫ్రేములు తీసుకుంటే సెకనుకు దాదాపు 138 మెగాబైట్లు. 50 ఫ్రేములైతే 276. 4కే అంటే 3840 బై 2160 సైజులో 25 ఫ్రేములకు సుమారు 553. అదే 60 ఫ్రేములైతే 1,327 మెగాబైట్లు.

ఈ అంకెలను దారి వెడల్పుతో పోల్చి చూడాలి. ఒకప్పుడు ల్యాప్‌టాపుల్లో ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాటు ఉండేది. తొలి తరంలో దాని గరిష్ఠ వేగం సెకనుకు 250 మెగాబైట్లు. దానికి కలిపిన పెట్టెలో 25 ఫ్రేముల హెచ్‌డీ సాగేది, 50 ఫ్రేములు ఎంత మంచి కార్డు పెట్టినా సాగేది కాదు. 2011లో వచ్చిన మొదటి థండర్‌బోల్ట్ ఒక్కో ఛానల్ సెకనుకు 10 గిగాబిట్లు. అంటే 60 ఫ్రేముల 4కే కుదించకుండా అందులో పట్టదు. ఏ డ్రైవరూ దాన్ని పట్టించలేదు. పెట్టెలో స్లాటు పొడుగ్గా ఉన్నంత మాత్రాన లోపల డేటా నడిచే దారులు, అంటే లేన్లు, అన్నీ ఉన్నట్టు కాదు. 16 లేన్ల పొడవున్న స్లాటులో నిజంగా కలిపినవి నాలుగే కావచ్చు. అంతకన్నా చిక్కు ఏమిటంటే, నాలుగు లేన్ల కార్డు సరిగ్గా కూర్చోకపోతే ఒక్క లేనుతోనే పని మొదలుపెట్టగలదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరంలో ఒక లేను సెకనుకు 500 మెగాబైట్లు. హెచ్‌డీ చక్కగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 4కే పెట్టిన రోజు విరుగుతుంది. లినక్స్‌లో అదే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని వివరంగా అడిగితే ఎన్ని లేన్లు కలిశాయో చెప్పేస్తుంది.

అదే థండర్‌బోల్ట్ వరసలో డిస్కుల పెట్టె, మానిటరు కూడా కలిపి ఉంటే అవీ ఆ వెడల్పును పంచుకుంటాయి. వాటిని వేరే సాకెట్‌కు మార్చి చూడటం సులువైన పరీక్ష.

ఇక డిస్కు. సాధారణ హార్డ్ డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు బయటి అంచున వేగంగా రాస్తుంది. నిండేకొద్దీ లోపలి వలయాలకు వెళ్తుంది, వేగం సుమారు సగానికి తగ్గుతుంది. సెకనుకు 138 మెగాబైట్లంటే గంటకు దాదాపు 500 గిగాబైట్లు. పొద్దున ఖాళీ డిస్కుతో బాగా నడిచిన రికార్డింగ్ సాయంత్రానికి ఎందుకు తడబడుతుందో ఇందులోనే ఉంది. దీన్ని పట్టుకోవడానికి రికార్డు చేయకుండా బొమ్మను మాత్రం చూస్తూ ఉండాలి. చూడటంలో ఫ్రేములు పోకుండా, రికార్డు చేసినప్పుడే పోతుంటే కార్డు, పెట్టె రెండూ నిర్దోషులు. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ లాంటి పద్ధతిలో కుదిస్తే అదే 25 ఫ్రేముల హెచ్‌డీ సెకనుకు 23 మెగాబైట్లకు దిగుతుంది. చాలా పనులకు ఆ నాణ్యత ధారాళంగా చాలు.

డిస్కు కాకపోతే వేడి. క్యాప్చర్ కార్డు మీది చిప్పులు బాగా కాగుతాయి. పెట్టె ఫ్యాను దుమ్ముతో నిండినా, శబ్దం వస్తోందని పెట్టెను బీరువాలో పెట్టి తలుపు మూసినా, లోపం సరిగ్గా కొంతసేపటికే వస్తుంది, చల్లారాక మాయమవుతుంది. ల్యాప్‌టాపు కరెంటు ఆదా సెట్టింగులను కూడా ఆపేయాలి. విండోస్ పవర్ ఆప్షన్లలో లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ అనేది ఒకటుంది, రికార్డింగ్ యంత్రంలో అది ఆఫ్‌లోనే ఉండాలి.

ఇంత చెప్పాక, కొనబోయేవారికి ఒక మాట చెప్పకుండా ఉండలేం. ఒకే ఒక్క హెచ్‌డీ కెమెరాను ల్యాప్‌టాపుకు కలిపి పెళ్లిని అమెరికాలోని బంధువులకు ప్రత్యక్షంగా చూపించడమే పని అయితే బయటి పెట్టె అక్కర్లేదు. యూఎస్‌బీ 3 మీద నడిచే మంచి క్యాప్చర్ పరికరం సరిపోతుంది, తెగిపోయే చోట్లు కూడా తగ్గుతాయి. మూడు నాలుగు ఎస్‌డీఐ ఇన్‌పుట్లు, కుదించని 4కే, చేతిలో ఇప్పటికే ఉన్న ఖరీదైన కార్డు, ఇలాంటి అవసరముంటేనే పెట్టె. అప్పుడు కూడా కార్డు కంపెనీ తన కార్డుకు ఏ పెట్టెలు సరిపోతాయో ఇచ్చే జాబితా చూశాకే డబ్బు కట్టాలి.

చివరిగా, సర్వీసు కేంద్రానికి ఫోను చేయవలసి వస్తే "పనిచేయట్లేదు" అని ఆపకండి. కార్డు జాబితాలో కనిపిస్తోందా, పక్కన ఏ కోడ్ ఉంది, డ్రైవర్ వెర్షన్ ఎంత, కెమెరా ఏ ఫార్మాట్ పంపుతోంది, లోపం వెంటనే వస్తోందా కొంతసేపటికా, ఈ ఐదూ కాగితం మీద రాసుకుని చెప్పండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, దాని ఫలితాన్ని కూడా అదే కాగితం మీద రాయండి. ప్రత్యక్ష ప్రసారాలు చేసే బృందాలు ముహూర్తానికి ముందురోజే, అదే కెమెరా, అదే కేబులు, అదే డిస్కుతో, కార్యక్రమం ఎన్ని గంటలో అన్ని గంటలూ నడిపి చూసుకోండి.